పాల సంచి ఉదయం ఏడైనా గేటుకే వేలాడుతుంటే

"మా వీధిలో నలుగురైదుగురు పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటున్నారు. పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్నారు. మేం కొందరం వాళ్లను చూసుకోవాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు. తిరుపతి బైరాగిపట్టెడలో మేం ఏడుగురం నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాం కాబట్టి చెబుతున్నాను.

నాది జిరాక్స్ షాపు. ఏటా నవంబర్‌లో రైల్వే, పోస్టల్‌లో రిటైరైనవాళ్లు, పెన్షన్ ఆగకుండా తాము బతికే ఉన్నామని ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ పనికి వస్తారు. రెండు నిమిషాల పనికి వచ్చి గంట కూర్చునేవాళ్లు. మొదట్లో విసుగ్గానే ఉండేది, అబద్ధమెందుకు. ఆ రోజుకు వాళ్లతో మాట్లాడే మనిషిని నేనొక్కడినే అని చాలా ఆలస్యంగా అర్థమైంది.

మొదట మేమూ అందరిలాగే పండ్లు, దుప్పట్లు పంచి ఫోటోలు దిగాం. ఒక అవ్వ మొహం మీదే అనేసింది: "ఈ పండ్లు నాకెందుకు నాయనా, షుగరుండాది. ఆ బాత్రూంలో బల్బు పోయి పది దినాలైంది, అది మార్చి పో." మార్చాం. ఆ తర్వాత పండ్లు పంచలేదు.

బల్బు మార్చాం సరే, తలుపు సంగతి ఎవరికీ తట్టలేదు. మా దగ్గర పాలబ్బాయి తెల్లారుజామునే ప్యాకెట్లు గేటుకు తగిలించిన సంచిలో వేసి పోతాడు. ఈ అవ్వ ఆరున్నరకల్లా సంచి తీసేసుకుంటుంది, ముగ్గు కూడా అప్పటికే పడిపోయి ఉంటుంది. ఒక డిసెంబర్ రోజు ఏడున్నరకు బండి మీద పోతూ చూశాను. సంచి అట్లాగే వేలాడుతోంది, వాకిట్లో ముగ్గు లేదు. చలికి ఇంకా లేవలేదేమోలే అనుకుని షాపు తెరవడానికి వెళ్లిపోయాను.

పదకొండుకు పక్కింటివాళ్లు ఫోన్ చేశారు. తెల్లారి ఐదున్నరకు బాత్రూంలో జారిపడిందట. లోపల గడియ. గడ్డపారతో తలుపు తీయాల్సి వచ్చింది. తుంటి ఎముక విరిగింది. ఐదున్నర గంటలు తడి నేల మీద పడి ఉంది. "కేకలేసినా నాయనా, మిక్సీల సద్దులో ఎవురికి వినపడతాది" అంది. నేను చూసి కూడా వెళ్లిపోయానని ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.

అందుకే నా సలహా, సరుకులతో కాదు, రోజూ ఒక టైముకు ఒక గుర్తు చూసుకోవడంతో మొదలుపెట్టండి. మా పాలబ్బాయి దగ్గర మా నంబర్లున్నాయి. ఏడైనా సంచి తీయకపోతే ఫోన్ కొడతాం, ఎత్తకపోతే దగ్గరున్నవాళ్లం పోతాం. రెండో తాళంచెవి ఎవరింట్లో ఉంచాలో పెద్దవాళ్లే చెబుతారు, మనం తేల్చకూడదు. బాత్రూం లోపలి గడియ తీయించేశాం. లోపలికి పోయేటప్పుడు తలుపు బయట ఒక తువ్వాలు వేస్తారు, అంతే.

పని మొదలుపెట్టే ముందే మీ పోలీస్ స్టేషన్‌కు వెళ్లి మీ పేర్లు ఇవ్వండి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లో, తమ పరిధిలోని వృద్ధుల జాబితా, ముఖ్యంగా ఒంటరిగా ఉండేవాళ్లది, పోలీసులు ఉంచాలని ఉంది. పిల్లలకూ ఫోన్ చేసి చెప్పండి. కొందరు అనుమానపడతారు. పడనివ్వండి, మనమైనా పడతాం. ఇంటికి ఇద్దరుగా వెళ్లండి. ఏటీఎం కార్డు మాత్రం ఎంత బతిమాలినా చేతిలోకి తీసుకోకండి.

ఒంటరిగా ఉన్నవాళ్లను ఫోన్ దొంగలు ఇట్టే పట్టేస్తారు. మా వీధిలో ఒక పెద్దాయన ఒక రోజంతా గది తలుపు వేసుకుని వీడియో కాల్‌లో కూర్చున్నాడు, అవతల పోలీసు యూనిఫాంలో ఎవడో. మా కుర్రాడు మామూలుగా పేపర్ చదివి వినిపించడానికి పోయాడు కాబట్టి బయటపడింది. ఇట్లా వీడియో కాల్‌లో కూర్చోబెట్టి బెదిరించే ‘డిజిటల్ అరెస్ట్’ అనేది చట్టంలో లేనే లేదని ఒకసారి చెబితే చాలదు, వెళ్లినప్పుడల్లా చెప్పాలి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల నంబర్ 1930కి ఫోన్ చేయాలి. పెన్షన్, వేధింపులు, వృద్ధాశ్రమం లాంటి విషయాలకు పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567 ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు. ఒంట్లో బాగాలేకపోతే 108. ఈ మూడూ పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసి ఫోన్ పక్కన అంటించండి. సెల్‌లో సేవ్ చేసి వస్తే ఎవరూ వెతుక్కోలేరు.

వానల సంగతి మీకూ తెలిసిందే. 2021 నవంబర్‌లో ఊళ్లో వీధులే ఏరులయ్యాయి. అప్పటినుంచి అక్టోబర్ చివరికల్లా అందరి దగ్గరా పది రోజుల మాత్రలు ఉన్నాయో లేదో చూస్తాం.

ఇంకోటి. చేయలేనంత ఒప్పుకోకండి. మా దాంట్లో ఒకబ్బాయి ప్రతి ఆదివారం ఒక తాత దగ్గరికి పోయేవాడు. హైదరాబాద్‌లో ఉద్యోగమొచ్చి చెప్పకుండా వెళ్లిపోయాడు. తాత మూడు ఆదివారాలు రెండు గ్లాసుల్లో కాఫీ పోసి పెట్టాడట. అది తెలిశాక మనిషికి ఇద్దరికి మించి ఇవ్వడం మానేశాం, ఎవరైనా మానుకుంటే కొత్తవాళ్లను వెంట తీసుకెళ్లి పరిచయం చేసి రావాలని పెట్టుకున్నాం.

ఆ అవ్వ ఇప్పుడు వాకర్‌తో నడుస్తోంది. ముగ్గు వేయలేకపోతోంది గానీ, ఆరున్నరకు ఇంకో నలుగురికి తనే ఫోన్ చేసి "లేచినారా" అని అడుగుతుంది. మొన్న తొమ్మిదైనా షాపు తెరవలేదని నాకూ చేసింది.