మాంగనీసు ముద్దలు మన తీరంలో దొరుకుతాయా?

ప్రశ్న: మాది చీపురుపల్లి. గరివిడి వైపు మాంగనీసు గనులు మాకు కొత్త కాదు. అయితే సముద్రం అడుగున కూడా మాంగనీసు ముద్దలు పరుచుకుని ఉంటాయని ఈమధ్య చదివాను. అవి అక్కడ ఎలా ఏర్పడతాయి? మన కళింగపట్నం, భావనపాడు సముద్రంలోనూ దొరుకుతాయా?
– ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: నదుల నీటితోనూ, గాలికి కొట్టుకొచ్చే ధూళితోనూ, సముద్రగర్భంలోని వేడినీటి ఊటలతోనూ మాంగనీసు, ఇనుము సముద్రంలోకి నిత్యం చేరుతుంటాయి. నీటిలో కరిగి ఉన్న మాంగనీసు ఆక్సిజన్‌తో కలిసి కరగని ఆక్సైడుగా మారి, ఏదైనా గట్టి వస్తువు దొరికితే దాని మీద పేరుకుంటుంది. నాలుగు నుంచి ఆరు వేల మీటర్ల లోతున ఆ వస్తువు సొరచేప పన్ను కావచ్చు, అగ్నిపర్వత శిల ముక్క కావచ్చు, విరిగిన పాత ముద్దే కావచ్చు. ముద్దను అడ్డంగా కోస్తే ఉల్లిపాయ పొరల్లాంటి చుట్లు కనిపిస్తాయి. మాంగనీసు ఆక్సైడు ఉపరితలానికి ఋణావేశం ఉండటంతో నికెల్, రాగి, కోబాల్టు అయాన్లు కూడా దానికి అంటుకుంటాయి. గనుల వాళ్ల కన్ను అసలు వీటి మీదే.

నీటి నుంచి మాత్రమే లోహాన్ని తీసుకునే ముద్ద పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతుంది. బురదలో సగం కూరుకున్న ముద్దలకు మరో ఆధారం కూడా ఉంది. జీవపదార్థం కుళ్లి ఆక్సిజన్ తరిగిపోయిన బురదలో మాంగనీసు మళ్లీ కరిగి, పైకి ఊరి, ముద్ద అడుగు భాగాన చేరుతుంది. చాలా ముద్దలు పైన నున్నగా, కింద గరుకుగా ఉండటం ఇందువల్లనే.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఆ లోతుల్లో బురద వెయ్యేళ్లకు కొన్ని మిల్లీమీటర్లు పేరుకుంటుంది, అంటే ముద్ద కంటే దాదాపు వెయ్యి రెట్లు వేగంగా. లెక్క ప్రకారం ముద్దలన్నీ ఏనాడో పూడిపోవాలి. బురదను తవ్వే జీవులు వాటిని కదుపుతూ ఉండటం, అడుగు ప్రవాహాలు పైబురదను ఊడ్చేయడం వల్ల అవి పైనే మిగిలాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

మన తీరం విషయానికొస్తే, అక్కడ వీటి కోసం ఆశపడనక్కర్లేదు. గంగ, బ్రహ్మపుత్ర తెచ్చే ఒండ్రు బంగాళాఖాతం అడుగున కిలోమీటర్ల మందాన పేరుకుపోయింది. వంశధార, నాగావళి కూడా తమ వంతు మన్నును తీరానికి చేరుస్తూనే ఉన్నాయి. ఇంత వేగంగా మన్ను పడే చోట అంత నిదానంగా పెరిగేది బయటపడి ఉండలేదు. భారతదేశానికి 75,000 చదరపు కిలోమీటర్ల మేర అన్వేషణ హక్కు ఉన్నది ఇక్కడికి ఎంతో దక్షిణాన, మధ్య హిందూ మహాసముద్ర ద్రోణిలో. అక్కడికి నదుల మన్ను పెద్దగా చేరదు. ఇక గరివిడి ఖనిజం తూర్పు కనుమల ఖోండలైటు శిలల్లోది. భూగర్భంలోని వేడికి, ఒత్తిడికి రూపం మారిన అతి పురాతన శిలలవి కాబట్టి, ఆ ఖనిజానికీ ఈ ముద్దలకూ లోహం ఒకటే గానీ పుట్టుక వేరు.