ఎనర్జీ డ్రింకులు, ఆందోళన: మా అమ్మాయి విషయంలో జరిగింది

మీ పదహారేళ్ల అబ్బాయి రోజూ రెండు ఎనర్జీ డ్రింకులు తాగుతున్నాడని, ఈ మధ్య అయినదానికీ కానిదానికీ విసుక్కుంటున్నాడని, గుండె దడగా ఉందంటున్నాడని రాశారు. రెండింటికీ సంబంధం ఉందా అని అడిగారు. మా అమ్మాయి విషయంలో ఉంది.

పరీక్షల ముందు ఒక రాత్రి రెండు గంటలకు తన గదిలో లైటు వెలుగుతుంటే లోపలికి వెళ్లాను. సాయంత్రం చూసిన పేజీయే ఇంకా తెరిచి ఉంది. కలం పట్టుకున్న వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. "అమ్మా, ఏదో జరగబోతున్నట్టు భయంగా ఉంది, ఏమిటో తెలియడం లేదు" అంది. మంచం కింద అయిదు ఖాళీ డబ్బాలు దొరికాయి.

పగలంతా మెదడులో పేరుకునే అడెనోసిన్ అనే రసాయనం వల్లే మనకు నిద్ర ముంచుకొస్తుంది. అది పనిచేసే చోటును ఈ డ్రింకుల్లో ఉండే కెఫీన్ ఆక్రమిస్తుంది. అలసట ఒంట్లో అలాగే ఉంటుంది, పిల్లలకు తెలియదంతే. తాగిన కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగితే పదకొండింటికి కూడా సగం మిగిలే ఉంటుంది. అర లీటరు డబ్బాలో సాధారణంగా 160 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో పిల్లలకు సూచించిన పరిమితి రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు. యాభై కిలోల పిల్ల ఒక్క డబ్బాతోనే ఆ గీత దాటేస్తుంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘమైతే ఈ పానీయాలు పిల్లలకు అసలే వద్దని 2011లోనే చెప్పింది.

అయితే దిగులంతా డబ్బా వల్లే వచ్చిందని నేను అనను. మనసు బాగాలేక రాత్రి నిద్రపట్టని పిల్లలు పగలు నిలబడటానికి వీటిని పట్టుకోవడమూ ఉంది. మా ఇంట్లో రెండూ జరిగాయి.

నేను చేసిన తప్పు మీరు చేయకండి. కోపంతో ఉన్నవన్నీ ఒకేసారి పారబోశాను. మర్నాడు తలనొప్పితో మంచం దిగలేదు, నాతో మాట్లాడలేదు. కెఫీన్ ఉన్నట్టుండి మానేస్తే అలాగే ఉంటుందని, వారం దాకా సాగవచ్చని తరువాత డాక్టరు చెప్పారు. అప్పటినుంచి మధ్యాహ్నం తరువాత తాగకూడదని ఇద్దరం ఒప్పుకున్నాం. ఆపైన సగం డబ్బా, తరువాత రోజు విడిచి రోజు. మూడు వారాలకు వణుకు పోయింది, నిద్ర కుదుటపడింది.

భయం మాత్రం పూర్తిగా పోలేదు. ఒక సబ్జెక్టు నెలల తరబడి అర్థం కావడం లేదని, చెబితే మేము బాధపడతామని దాచిందని అప్పుడు బయటపడింది. కౌన్సెలర్ దగ్గరకు తీసుకెళ్లాం. చాలా మేలు జరిగింది.

మీవాడి గుండె దడను మాత్రం తేలిగ్గా తీసుకోకండి, వెంటనే డాక్టరుకు చూపించండి. రోజుకు ఎన్ని తాగుతున్నాడో దాచకుండా చెప్పండి. ఛాతీనొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడినా, బతకాలని లేదన్నా ఆ క్షణమే బయలుదేరండి. ఇంట్లో మాత్రం డబ్బాల సంగతి పక్కనపెట్టి, రాత్రిళ్లు దేనికోసం మేలుకోవలసి వస్తోందో వాడిని నెమ్మదిగా అడగండి. మా అమ్మాయిని నేను ఆ మాట చాలా ఆలస్యంగా అడిగాను.