సమాధానం: రెడ్ వైన్‌లో క్లోనజెపామ్ పీక్ ఎందుకు జరుగుతోంది?

ఒకసారి వాడి పారేసే కార్బన్ ఎలక్ట్రోడ్ స్ట్రిప్‌తో, పానీయాల్లో రహస్యంగా కలిపే మత్తుమందుల్లో ఒకటైన క్లోనజెపామ్‌ను నీటిలో పరీక్షిస్తే పీక్ (వోల్టేజీ మారుస్తూ కొలిచిన కరెంటు గ్రాఫ్‌లో వచ్చే శిఖరం) స్పష్టంగా వచ్చిందనీ, అదే మోతాదును రెడ్ వైన్‌లో కలిపితే పీక్ చిన్నదై పక్కకు జరిగిందనీ రాశారు. సెన్సర్ చెడిపోలేదనే నా అభిప్రాయం.

క్లోనజెపామ్, ఫ్లునిట్రజెపామ్ వంటి మందులలోని నైట్రో సమూహం క్షయకరణం చెందేటప్పుడు (అంటే ఎలక్ట్రాన్లు పొందేటప్పుడు) ప్రోటాన్లను కూడా తీసుకుంటుంది కనుక పీక్ స్థానం పీహెచ్‌ను బట్టి మారుతుంది. వైన్ పీహెచ్ సాధారణంగా 3, 4 మధ్య ఉండటం వల్ల పీక్ తక్కువ రుణ వోల్టేజీ వైపు, అంటే సున్నాకు దగ్గరగా జరుగుతుంది. పీక్ చిన్నదవడానికి కారణం వేరు. వైన్‌కు రంగు, వగరు ఇచ్చే పాలీఫినాల్స్ ఎలక్ట్రోడ్ ఉపరితలానికి అంటుకుంటాయి, ఆల్కహాలేమో మందు అణువులను అక్కడ నిలవనివ్వదు.

కాబట్టి నమూనాను పీహెచ్‌ను స్థిరంగా ఉంచే ఫాస్ఫేట్ బఫర్ ద్రావణంతో పదింతలు పలుచన చేసి, ప్రతి కొలతకూ కొత్త స్ట్రిప్ వాడండి. కరిగి ఉన్న ఆక్సిజన్ కూడా రుణ వోల్టేజీ వద్ద కరెంటు ఇస్తుంది గనుక, మందు కలపని అదే వైన్ స్కాన్‌ను పక్కన పెట్టుకుని పోల్చాలి. పరిమాణం లెక్కించడానికి నీటితో గీసిన క్రమాంకన రేఖ (తెలిసిన మోతాదులకు పీక్ ఎత్తు చూపే రేఖ) ఇక్కడ పనికిరాదు. అదే నమూనాకు తెలిసిన మోతాదులను కొద్దికొద్దిగా చేరుస్తూ కొలవడమే సరైన దారి. బీరుకైతే ముందుగా గ్యాస్ పోగొట్టండి.

ఇతర మత్తుమందులైన కెటమిన్‌లోనూ జీహెచ్‌బీలోనూ నైట్రో సమూహం లేదు, అవి ఈ పీక్ ఇవ్వవు కనుక, నివేదికలో పీక్ రాకపోవడాన్ని మత్తుమందు లేదనడానికి రుజువుగా మాత్రం చూపవద్దు.