డ్రై ఐకి మెడికల్ షాపు చుక్కలు ఎనిమిది నెలలుగా వాడుతున్నారా?

ప్రశ్న: నా వయసు 48. ఖమ్మంలో ఇంటి దగ్గరే మగ్గం వర్క్ చేస్తాను. రెండేళ్లుగా కళ్లలో ఇసుక పడ్డట్టు గరగర, మంట. డాక్టరు డ్రై ఐ అన్నారు. కానీ సూది పట్టుకుంటే చాలు నీళ్లు కారుతుంటాయి, మరి పొడి ఎలా అవుతుంది? ఆయన రాసిన చుక్కలతో గుణం కనిపించలేదు. మెడికల్ షాపులో ఇచ్చినవి ఎనిమిది నెలలుగా వాడుతున్నాను, వేసుకున్న పూట హాయిగా ఉంటుంది. మా చెల్లెలు చేపనూనె క్యాప్సూల్స్ వేసుకోమంటోంది, మంచివేనా? ఈమధ్య నోరు కూడా పిడచకట్టుకుపోతోంది, ఇడ్లీ సైతం నీళ్లు తాగితే గానీ దిగడం లేదు. పొద్దున్నే వేళ్లు పట్టేస్తున్నాయి, వయసు వల్లే అనుకుంటున్నాను. మా నాన్నకు నీటికాసులు (గ్లకోమా) ఉండేవి.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, క్యాప్సూల్స్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ షాపు చుక్కల సీసా తీసి, లేబుల్ మీది సన్న అక్షరాలు ఎవరిచేతనైనా చదివించండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథలోన్... వీటిలో ఏ పేరు కనిపించినా అది స్టెరాయిడ్. వేసుకున్న పూట హాయిగా ఉంటుందని రాశారు చూడండి, నా అనుమానమంతా ఆ మాట మీదే. స్టెరాయిడ్ వాపునీ ఎరుపునీ చిటికెలో అణిచేస్తుంది, అందుకే షాపతను కూడా మంచి మందు ఇచ్చాననే అనుకుంటాడు. కానీ నెలల తరబడి వాడితే కొందరిలో కంటి లోపలి ప్రెషర్ పెరుగుతుంది, నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, పక్కల నుంచి చూపు మెల్లగా తగ్గుతూ వస్తుంది, అలా పోయిన చూపు ఇక తిరిగి రాదు, నీటికాసులంటే ఇదే. శుక్లాలు కూడా ముందే వచ్చేస్తాయి, వాటికైతే ఆపరేషన్ ఉంది, నీటికాసుల వల్ల పోయిన చూపుకి అదీ లేదు. పైగా నాన్నగారికి నీటికాసులు. ఆ ముక్క మీరు ఉత్తరం చివర్లో రాశారు, నిజానికి మొదట రాయాల్సింది అదే. ఇంట్లో ఆ జబ్బు ఉన్నవాళ్లకి స్టెరాయిడ్ చుక్కలతో ప్రెషర్ పెరిగే అవకాశం మిగతావాళ్ల కంటే ఎక్కువ.

వారం తిరక్కుండా ఇలాంటి సీసా పట్టుకుని నా ఓపీకి ఎవరో ఒకరు వస్తారు. చీటీ లేకుండా ఇచ్చినవాడిది తప్పే, ఎనిమిది నెలలు అడక్కుండా వేసుకున్న మీది కూడా. కోపం తెచ్చుకోకండి.

ఈ రెండు మూడు రోజుల్లోనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లి ప్రెషర్, కంటి నరం చూపించుకోండి. స్టెరాయిడే అని తేలితే ఎలా ఆపాలో ఆయన చెబుతారు, ఇన్నాళ్లు వాడినది సొంతంగా ఒక్కసారి మానేస్తే వాపు తిరగబెట్టొచ్చు. ఈలోగా చూపు మసకబారినా, కన్ను బాగా నొప్పి పెట్టినా, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపించినా అదే రోజు వెళ్లాలి.

రెండోది, నోరు ఎండడం, కీళ్లు పట్టేయడం. వయసు మీద తోసేయకండి. కళ్లు, నోరు కలిసి ఎండిపోతూ కీళ్లు కూడా పట్టేస్తుంటే షోగ్రెన్స్ సిండ్రోమ్ ఉందేమోనని మేం వెతుకుతాం. మన ఒంటి రక్షణ వ్యవస్థే కన్నీటి గ్రంథుల్నీ లాలాజల గ్రంథుల్నీ దెబ్బతీసే జబ్బు ఇది, మీ వయసు ఆడవాళ్లలోనే ఎక్కువ. మీకు అదే ఉందని నేను చూడకుండా చెప్పలేను. రుమటాలజిస్టును (కీళ్లవాతం డాక్టరును) కలిస్తే ఏఎన్ఏ, యాంటీ ఎస్ఎస్ఏ లాంటి రక్తపరీక్షలు చేయిస్తారు. జలుబుకి వేసుకునే సెట్రిజిన్, నిద్రకి కొందరికి రాసే అమిట్రిప్టిలిన్ కూడా నోటినీ కళ్లనీ ఎండబెడతాయి, మీరు వాడే మందుల పేర్లు రాయలేదు.

నీళ్లు కారుతుంటే పొడి ఎలా అని అడిగారు. రెప్పల అంచున ఉండే సన్నటి గ్రంథుల నుంచి వచ్చే నూనె, కన్నీరు ఆవిరైపోకుండా పైన పొరలా కాస్తుంది. అది సరిగా లేకపోతే కన్నీరు క్షణాల్లో ఆరిపోయి కన్ను మండుతుంది, ఆ మంటకి ఒక్కసారిగా నీళ్లు వస్తాయి. పైపు పగిలి వీధంతా పారినా బిందె నిండనట్టే, ఆ నీళ్లు కంట్లో నిలవవు. కింది రెప్పలో కాగితం ముక్క పెట్టి ఐదు నిమిషాలు చూసే షిర్మర్ పరీక్ష మీకు చేశారా? తడి 5 మిల్లీమీటర్లు కూడా దాటకపోతే కన్నీరే బాగా తక్కువని అర్థం.

డాక్టరు చుక్కలు ఎన్నాళ్లు వేశారో కూడా రాయలేదు. వాపు తగ్గించే సైక్లోస్పోరిన్ చుక్కలైతే మొదట మండుతుంది, గుణం తెలియడానికి మూడు నెలలైనా పడుతుంది, చాలామంది రెండో వారానికే పక్కన పెట్టేస్తారు. కృత్రిమ కన్నీళ్లయితే రోజుకి నాలుగుసార్లకి మించి వేయాల్సి వచ్చినప్పుడు ప్రిజర్వేటివ్ (మందు పాడవకుండా కలిపే రసాయనం) లేనివి అడగండి. మామూలు సీసా మూత తీశాక నెల దాటితే పారేయాలి.

ఇంట్లో రోజూ శుభ్రమైన గుడ్డని ఓర్చుకోగలిగే వేడినీళ్లలో ముంచి పిండి, మూసిన రెప్పల మీద ఐదు నుంచి పది నిమిషాలు కాపడం పెట్టి, తర్వాత రెప్పల అంచు వైపు మెల్లగా రుద్దండి. మగ్గం ముందు కూర్చుంటే రెప్ప వేయడమే మరిచిపోతారు, ఫ్యాన్ గాలి మొహానికి కొడుతుంటే ఇంకా కష్టం. నందివర్ధనం పూలు మూసిన కళ్లపై పెట్టుకుంటారా, పెట్టుకోండి, చల్లగా ఉంటుంది. కంటి లోపల మాత్రం తేనె, ఆముదం, చనుబాలు ఏవీ వద్దు, వాటితో నల్లగుడ్డు మీద పుండు పడి వచ్చినవాళ్లని చూశాను.

ఇక చేపనూనె. 2018లో అచ్చయిన ఒక పెద్ద అమెరికా పరిశోధనలో రోజుకి 3 గ్రాముల చొప్పున ఏడాదిపాటు ఇచ్చి చూశారు, ఆలివ్ నూనె క్యాప్సూల్స్ వేసుకున్నవాళ్ల కంటే మెరుగేమీ కనిపించలేదు. ఆ డబ్బుతో ప్రిజర్వేటివ్ లేని చుక్కలు కొనుక్కోవడం నయం. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు షాపు సీసా, పాత చీటీలు చేతిలో పెట్టుకోండి, కూర్చోగానే నాన్నగారి నీటికాసుల మాట చెప్పండి.