చిన్న ట్రాక్టర్ కొనే ముందు కంపెనీకి వెళ్ళి చూడాలా? రెండు బండ్లు కొన్న మా అనుభవం

మీ ప్రశ్న చదివాను. చంద్రగిరి దగ్గర నాలుగెకరాల మామిడి, రెండెకరాల టమాటా ఉన్నాయని, 20 నుంచి 27 హెచ్‌పి లోపు చిన్న ట్రాక్టర్ తీసుకుందామనుకుంటున్నారని రాశారు. తయారుచేసే చోటికే వెళ్ళి చూసొస్తామంటే డీలరు ‘అక్కడ చూసేదేముంది, బండి ఇక్కడే ఉంది కదా’ అన్నారని, వెళ్ళాలా వద్దా అని అడిగారు. మాది బంగారుపాళ్యం పక్కన పల్లె. మేం ఇప్పటికి రెండుసార్లు చిన్న ట్రాక్టర్ కొన్నాం. మొదటిసారి కంపెనీకి వెళ్ళలేదు. రెండోసారి వెళ్ళాం. వీలుంటే మీరూ వెళ్ళండి, కానీ ఉత్త చేతులతో వెళ్ళొద్దు. ఎందుకో చెప్తాను.

మాకు ఆరెకరాల తోతాపురి, ఎకరంన్నర టమాటా, బావి కింద నాలుగు వరి కయ్యలు ఉన్నాయి. 2017లో తీసుకున్న మొదటి బండి 18 హెచ్‌పి, టూ వీల్ డ్రైవ్. షోరూంలో చూశాం, బ్రోచర్ చదివాం, నాయన టైరు మీద చెయ్యి వేసి ‘బాగుంది’ అన్నాడు, అడ్వాన్స్ కట్టేశాం. తోటలోకి దింపిన మొదటి వారంలోనే తప్పు తెలిసింది. సైలెన్సర్ బానెట్ మీద నిటారుగా ఉండేది. మా పాత చెట్ల కొమ్మలు కిందికి వాలి ఉంటాయి. బండి పోయిన ప్రతిసారీ పిందెలున్న రెమ్మలు విరిగిపడేవి. వెనక టైర్ల బయటి అంచు నుంచి అంచుకు 44 అంగుళాలు, దాంతో ఇచ్చిన రోటవేటర్ (మట్టిని తిప్పి గుల్ల చేసే పనిముట్టు) 36 అంగుళాలు. రెండు పక్కలా నాలుగేసి అంగుళాలు టైరు తొక్కిన నేల గట్టిగా అట్లాగే మిగిలేది. ఇంట్లో ఉన్న పాత కల్టివేటర్ దానికి తగిలించుకోవచ్చని లెక్కేసుకున్నాం. అది పెద్ద ట్రాక్టర్‌కు చేసినది, పిన్నే పట్టలేదు.

ఇవన్నీ ఎట్లాగో సర్దుకున్నాం. సర్దుకోలేనిది ఇంకొకటి జరిగింది. మూడో ఏడు జనవరిలో, చెట్టు నిండా పూత ఉన్నప్పుడు, హైడ్రాలిక్ పంపులో సీలు పోయింది. మందు కొట్టే ట్యాంకు, పనిముట్లు తగిలించే వెనక లింకుల మీద కూర్చునేది కాబట్టి లిఫ్ట్ లేవకపోతే స్ప్రేయర్ వాడటానికే కుదరదు. తేనెమంచు పురుగు పూత మీద ఉంది. సీలు కోసం డీలరు దగ్గర అడిగితే రేపు, ఎల్లుండి అన్నారు. 19 రోజులు పట్టింది. కూలీలను పెట్టి, అద్దె పంపుతో కొట్టించాం కానీ అప్పటికే సగం పూత నల్లబడింది. ఆ ఏడు కాపు గురించి అమ్మ ఇప్పటికీ బాధపడుతుంది. చిన్న బండి కొనేటప్పుడు స్పేర్ పార్టు ఎక్కడ దొరుకుతుందనేది ధర కంటే ముందు అడగాల్సిన ప్రశ్న అని నాకు ఆ 19 రోజుల్లో అర్థమైంది.

2022లో ఆ బండి మార్చాలనుకున్నప్పుడు మా బావ గట్టిగా పట్టుబట్టాడు, తయారయ్యే చోటికి పోదామని. మన వైపు నుంచి దగ్గర హోసూరే. వీఎస్‌టీ వాళ్ళ ట్రాక్టర్ల ఫ్యాక్టరీ హోసూరులో, పవర్ టిల్లర్లది మాలూరులో ఉన్నాయి. మహీంద్రాకు జహీరాబాద్‌లో ప్లాంట్ ఉంది, 2023లో వచ్చిన ఓజా చిన్న ట్రాక్టర్లు అక్కడే చేస్తారు. కెప్టెన్ వాళ్ళది రాజ్‌కోట్, స్వరాజ్ మొహాలీ, సొనాలికా హోషియార్‌పూర్. రాజ్‌కోట్‌కో పంజాబ్‌కో పోయి రావడం మనలాంటి వాళ్ళకు అయ్యే పని కాదు, దానికి పెట్టే ఖర్చు అవసరం కూడా లేదు. హోసూరు అయితే తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరొచ్చు.

నేరుగా గేటు దగ్గరికి పోతే లోపలికి పంపరు. ఫ్యాక్టరీలో అమ్మకం ఉండదు, బిల్లు మన ప్రాంతం డీలరు పేరు మీదే వస్తుంది. అందుకని డీలరు ద్వారా మన ఏరియా చూసే కంపెనీ సేల్స్ ఆఫీసరు నంబరు తీసుకుని, ‘కొనడానికి సిద్ధంగా ఉన్నాం, ఒకసారి ప్లాంట్ చూసి, సర్వీస్ వాళ్ళతో మాట్లాడాలి’ అని అడగండి. మాకు తేదీ ఇవ్వడానికి రెండు వారాలు పట్టింది. ఆధార్ కార్డు, కాళ్ళకు బూట్లు ఉండాలన్నారు. ఫోన్లు గేటు దగ్గరే పెట్టించారు, కాబట్టి రాసుకోవడానికి నోటు పుస్తకం తప్పనిసరి.

బావ, నేను మొగిలి ఘాట్ ఎక్కి, పలమనేరు, ముళబాగిలు, కోలారు, మాలూరు మీదుగా పోయాం. ముందు రోజంతా తోటలో టేపు పట్టుకుని తిరిగాం. మొదటిసారి చేయనిది అదే. పాత చెట్ల మధ్య దూరం, కొత్తగా దగ్గర దగ్గరగా నాటిన చెట్ల మధ్య దూరం, కింది కొమ్మ నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, టమాటా సాళ్ళ మధ్య ఎంత, డ్రిప్ పైపు ఎక్కడ పోతుంది, సాలు చివర బండి తిప్పుకోవడానికి గెనిమ దాకా ఎన్ని అడుగులు మిగులుతుంది, కయ్యలోకి దిగే దారి వెడల్పు, కొండ పక్క వాలు. ఇవన్నీ ఒక పేజీలో బొమ్మ గీసి అంకెలు వేసుకున్నాం.

ప్లాంట్‌లో ఇంజన్, గేర్‌బాక్స్ కలిపే లైను చూపించారు. చివర్లో ప్రతి బండినీ స్టార్ట్ చేసి, లిఫ్ట్, బ్రేకు, పీటీఓ (వెనక పనిముట్లను తిప్పే ఇరుసు) చూసి, ఆయిల్ కారుతుందా అని వెతికే చోటు ఉంది. చూడటానికి బాగుంటుంది, నమ్మకం కూడా కలుగుతుంది. కానీ నిజం చెప్పాలంటే ఆ గంట కంటే, తర్వాత సర్వీస్ శిక్షణ ఇచ్చే గదిలో గడిపిన రెండు గంటలే మాకు పనికొచ్చాయి. అక్కడి పెద్దాయన తెలుగాయనే, హోసూరు వైపు మనవాళ్ళు చాలామంది ఉన్నారు. మా నోటు పుస్తకం తీసుకుని చాలాసేపు చూశారు. మేం 27 హెచ్‌పి అనుకుని పోయాం. ‘మీ టమాటా సాలు నాలుగడుగులు, మొక్క కాస్త పరుచుకుంటే మిగిలేది మూడే. ఈ బండి అందులో తిరగదు. కర్రలు పాతాక ఏ ట్రాక్టరూ తిరగదు, అది లెక్కలో పెట్టుకోవద్దు. మీకు ఎక్కువ పని మామిడిలో మందు కొట్టడం, రోటవేటర్. వాలు కూడా ఉంది. తక్కువ హెచ్‌పి ఉన్నా ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకోండి’ అన్నారు. తక్కువ ధర మోడల్ వైపు మమ్మల్ని తిప్పింది కంపెనీ మనిషే.

ఆయన చెప్పిన వాటిలో మీకు ఉపయోగపడేవి కొన్ని రాస్తాను. బానెట్ మీద రాసే హెచ్‌పి ఇంజన్‌ది. రోటవేటర్‌కూ స్ప్రేయర్‌కూ అందేది పీటీఓ హెచ్‌పి, అది ఎప్పుడూ కొంత తక్కువే ఉంటుంది. రెండు బండ్లను పోల్చేటప్పుడు పీటీఓ అంకెలే పోల్చాలి. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరగడానికి ఇంజన్ ఎంత ఆర్పీఎం మీద ఉండాలో కూడా అడగాలి. గంటల తరబడి మందు కొట్టే మనకు ఆ ఆర్పీఎం తక్కువుంటే డీజిల్ మిగులుతుంది, చెవులకూ సుఖం. వెనక లింకుల సైజుకు కేటగిరీలుంటాయి. కేటగిరీ 1లో కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, కేటగిరీ 2లో 28. చిన్న ట్రాక్టర్లలో 1ఎన్ అని ఇంకా ఇరుకైనది కూడా వస్తుంది. మా పాత కల్టివేటర్ ఎందుకు పట్టలేదో అప్పుడు తెలిసింది. మీ దగ్గర ఇప్పటికే పనిముట్లు ఉంటే పిన్ను మందం, రెండు పిన్నుల మధ్య దూరం కొలుచుకుని పోండి. మామిడి తోటలకు సైలెన్సర్ కిందికి తిప్పిన మోడల్ కొన్ని కంపెనీల్లో దొరుకుతుంది, ముందే చెప్పాలి.

ఇంకొక ముఖ్యమైన విషయం టెస్ట్ రిపోర్టు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వం వారి ట్రాక్టర్ పరీక్షా సంస్థ ఉంది. అక్కడ పరీక్షించిన మోడళ్ళకు రిపోర్టు ఇస్తారు. పీటీఓ మీద అసలు ఎంత శక్తి వచ్చింది, లిఫ్ట్ ఎంత బరువు లేపింది, ఎంత చుట్టులో తిరిగింది, డీజిల్ ఎంత తాగింది, అన్నీ అందులో ఉంటాయి. శక్తి కిలోవాట్లలో రాస్తారు, ఆ అంకెను 0.735తో భాగిస్తే హెచ్‌పి వస్తుంది. నేను అడిగితే ప్రింటు తీసి చేతికిచ్చారు. షోరూంలో అడిగితే ఇంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. మీరు హోసూరు పోలేకపోయినా ఈ రిపోర్టు మాత్రం డీలరు చేత తెప్పించుకోండి. మన రాష్ట్రంలోనే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో అలాంటి కేంద్ర సంస్థ ఉంది, అక్కడ రైతులకు యంత్రాల మీద శిక్షణ కూడా ఇస్తారు. మా తమ్ముడిలా కొత్తగా బండి పట్టేవాళ్ళకు అది మంచిది.

చివర్లో స్పేర్ పార్టుల ప్రశ్న అడిగాను. మొదటి వెయ్యి గంటల్లో ఎక్కువగా ఏవి పోతాయని. క్లచ్ ప్లేటు, ఫ్యాన్ బెల్టు, కయ్యలో దమ్ము చేసే వాళ్ళకు ముందు ఇరుసు ఆయిల్ సీళ్ళు అని దాచకుండా చెప్పారు. వాటి పార్టు నంబర్లు రాయించుకున్నాను. ఊరికి వచ్చాక చిత్తూరు డీలరు దగ్గర ఆ కాగితం పెట్టి ‘ఇవి ఇప్పుడు మీ కౌంటర్లో ఉన్నాయా, చూపించండి’ అన్నాను. ఒకటి తప్ప మిగతావన్నీ తీసి బల్ల మీద పెట్టారు. అప్పుడు బండి ఖాయం చేశాను. లేకపోతే వేరే కంపెనీకి పోయేవాణ్ణి.

ఫ్యాక్టరీ ఆవరణలో బండి నడపనిచ్చారు కానీ అది చదునైన గట్టి నేల, అక్కడ ఏ బండైనా బాగానే పోతుంది. అందుకే మన తోటలోనే డెమో అడగండి. మాకు పది రోజుల తర్వాత తెచ్చారు. మా ఎర్ర నేలలో రాళ్ళున్న పక్క, కొండ వాలున్న పక్క కావాలనే నడిపించాం. రోటవేటర్ లేపి పైకి ఎక్కుతుంటే ముందు చక్రాలు తేలికైపోయి స్టీరింగ్ మాట వినలేదు. డ్రైవరు ముందు బరువులు వేసి మళ్ళీ ఎక్కించాడు, అప్పుడు కుదిరింది. ఆ బరువులు ధరలో కలిపి ఇవ్వాలని కొటేషన్‌లో రాయించాం. దీని మీద మాత్రం మొహమాటపడొద్దు అన్నా, వాలులో ముందు చక్రం లేవడం ప్రాణాల మీదకు వచ్చే విషయం.

ధర గురించి ఎక్కువ చెప్పను, నేను కొన్న నాటికీ ఇప్పటికీ మారిపోయింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, మీ కొటేషన్‌లో 5 శాతమే వేశారా చూసుకోండి. సబ్సిడీ ఈ సీజన్‌లో ఉందా అన్నది మీ రైతు సేవా కేంద్రంలో అడిగి, కాగితం చూశాకే నమ్మండి.

హోసూరు పోయే ముందు ఒక పని చేయండి. మీరు అనుకుంటున్న మోడల్ రెండేళ్ళ నుంచి వాడుతున్న రైతులను ఇద్దరినైనా కలవండి. పాకాల, దామలచెరువు వైపు మామిడి తోటల్లో చిన్న ట్రాక్టర్లు కనిపిస్తాయి, అడిగితే ఎవరూ కాదనరు. బండి బాగుందా అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. ఆఖరుసారి ఎప్పుడు ఆగింది, ఎన్ని రోజులు ఆగింది అని అడగండి. వాళ్ళు చెప్పినవి రాసుకుని కంపెనీలో అవే ప్రశ్నలు వేస్తే సమాధానాలు సూటిగా వస్తాయి. ఆ ఇద్దరూ బాగుందని చెప్పి, మీ డీలరు కౌంటర్లో పార్టులు కనిపించి, మీ తోటలో డెమో కూడా సరిపోతే, హోసూరు పోకపోయినా మీకు నష్టమేమీ లేదు.

బండి ఇంటికి వచ్చిన రోజు చూసుకోవాల్సినవి కూడా చెప్తాను. ప్లేటు మీద తయారైన నెల, సంవత్సరం చూడండి, చాసిస్, ఇంజన్ నంబర్లు బిల్లుతో సరిపోవాలి. అవర్ మీటర్‌లో ఎన్ని గంటలుందో ఫోటో తీసుకోండి, డెమోకు తిప్పిన బండి కొత్తదిగా అంటగట్టకుండా ఉంటుంది. మొదటి సర్వీస్ సాధారణంగా 50 గంటలకు వస్తుంది, ఆ తేదీన మెకానిక్ తోటకే వస్తాడా, మనం తోలుకుపోవాలా అన్నది డెలివరీ కాగితం మీదే రాయించుకోండి. తోట కొలతలు వేసుకున్నాక ఇక్కడ రాయండి. ఏ వెడల్పు రోటవేటర్ సరిపోతుందో మా బావను కూర్చోబెట్టి లెక్కేసి చెప్తాను.