ఒకే ఇమేజ్, మూడు రకాల బోర్డులు: ఏ బోర్డో లినక్స్‌కి ఎలా తెలుస్తుందో రాసిపెట్టడం

మీ ప్రశ్న ఇదీ: రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ చూసి ఏరియేటర్లు నడిపే కంట్రోలర్ చేస్తున్నారు. మోడెమ్ మారినప్పుడల్లా బోర్డు మారుతోంది, ఎస్‌డీ కార్డు ఇమేజ్ (కార్డులో ఎక్కించే సాఫ్ట్‌వేర్ మొత్తం) మాత్రం ఒక్కటే ఉండాలి. ఏ బోర్డో బూట్‌లోడర్ (ఆన్ చేయగానే ముందు నడిచి లినక్స్‌ని లోడ్ చేసే ప్రోగ్రామ్) లినక్స్‌కి ఎలా చెబుతుందో డాక్యుమెంట్ చేయాలంటే ఏమేం రాయాలి?

నేను నెల్లూరులో ఇలాంటి డబ్బాలకే సాఫ్ట్‌వేర్ చూస్తాను. మావి మైపాడు, ఇందుకూరుపేట వైపు గుంటల గట్ల మీద ఉన్నాయి. బోర్డులు వేరే సంస్థ నుంచి మా చేతికొచ్చాయి. కోడ్ ఇచ్చారు గానీ ఈ సంగతి ఎక్కడా రాసివ్వలేదు. తర్వాతి లాట్‌లో మోడెమ్‌ని ఆన్ చేసే పిన్ మారింది. పాత డివైస్ ట్రీతో (బోర్డు మీద ఏ భాగం ఏ పిన్నుకి ఉందో లినక్స్‌కి చెప్పే ఫైల్) బోర్డు బూట్ అవుతుంది, లైట్లు వెలుగుతాయి, మోడెమ్ ఒక్కటే లేవదు. గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. సరిగ్గా అప్పుడు రైతుకి మెసేజ్ రాకపోతే గుంట మొత్తం పోవచ్చు. అందుకే దీన్ని తీరిక దొరికినప్పుడు చేసే పనిగా చూడకండి.

బోర్డు తన రకాన్ని ఎక్కడ దాచుకుందో ముందు రాయండి. బీగల్‌బోన్ బ్లాక్‌లో అది ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని చిన్న మెమరీ చిప్) ఉంటుంది, యూ-బూట్ అనే బూట్‌లోడర్ చదువుకుంటుంది. రాస్‌ప్‌బెర్రీ పైలో చిప్‌లోనే రాసిన రివిజన్ కోడ్ ఉంటుంది. చవగ్గా కావాలంటే జీపీఐఓ పిన్నులకు (సాఫ్ట్‌వేర్ 0 లేదా 1గా చదవగల పిన్నులు) రెసిస్టర్లు చాలు, వీటినే స్ట్రాప్ పిన్నులంటారు: మూడు పిన్నులతో 8 రకాలు, పిన్ను ఉత్తగా వదిలేయడాన్నీ ఒక స్థితిగా చదివితే 27. పిన్నుల 0, 1లను బైనరీ అంకెగా చదివేటప్పుడు ఏ పిన్ను పెద్ద స్థానమో తప్పకుండా రాయాలి. స్కీమాటిక్ గీసినవారిది ఒక వరస, కోడ్ రాసినవారిది ఇంకో వరస అయితే మూడు పిన్నుల్లో 1 కాస్తా 4 అవుతుంది.

ఇమేజ్‌లో ఒక్కో బోర్డుకీ ఒక్కో డివైస్ ట్రీ ఉంటుంది కాబట్టి, అసలు కీలకం బూట్‌లోడర్ సరైన ట్రీని వెతికే వరస. ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న క్రోమ్‌బుక్‌ల బూట్‌లోడర్ డెప్త్‌చార్జ్ పద్ధతిని లినక్స్ కెర్నల్ డాక్యుమెంటేషన్‌లో చక్కగా రాశారు, చదవండి. ముందు బోర్డు పేరు, రివిజన్ (డిజైన్ ఎన్నో మార్పో చెప్పే అంకె), ఎస్‌కేయూ (అదే బోర్డులో ఏ రకమో చెప్పే నంబరు) మూడూ కలిసిన పేరు కోసం చూస్తుంది. లేకపోతే బోర్డు, రివిజన్. ఆ తర్వాత బోర్డు, ఎస్‌కేయూ. చివరికి బోర్డు పేరొక్కటే. రివిజన్ 4కి ట్రీ లేకపోతే దగ్గర్లో ఉంది కదా అని 3ని తీసుకోదు. అందుకే రివిజన్ అంకె లేని పేరుని అన్నిటికన్నా కొత్త బోర్డు ట్రీకి ఉంచడం మంచిది. రేపు రివిజన్ 5 వచ్చి కార్డులో పాత ఇమేజే ఉన్నా, దానికి తెలిసినవాటిలో కొత్త ట్రీ దొరుకుతుంది. మేం ఇదే వరస పెట్టుకున్నాం. తన రివిజన్‌కి ట్రీ దొరక్క బూట్ అయిన బోర్డు మాత్రం ఎర్ర లైటు మెరిపిస్తుంది. మోడెమ్ లేవకపోయినా గట్టు మీదున్న మనిషికి అది కనిపిస్తుంది.

ట్రీ అడ్రస్ కెర్నల్‌కి ఎలా చేరుతుందన్నదానికి ఒక్క వాక్యం చాలు: 64 బిట్ ఆర్మ్‌లో ఎక్స్0 రిజిస్టర్, 32 బిట్‌లో ఆర్2. కానీ సీరియల్ నంబరు, ర్యామ్ సైజు లాంటివాటిలో బూట్‌లోడర్ ఏవి తనే ట్రీలో నింపుతుందో విడిగా చెప్పండి. లేకపోతే కొత్తగా చేరినవారు సోర్స్ ఫైల్ మార్చి, ఫలితం ఎందుకు మారలేదో తెలీక రోజంతా తల పట్టుకుంటారు. నడుస్తున్న బోర్డులో ప్రాక్ కింద డివైస్-ట్రీ ఫోల్డర్‌లోని కంపాటిబుల్ ఫైల్ తెరిస్తే ఏ ట్రీ ఎక్కిందో తెలుస్తుందని టెక్నీషియన్‌కి అర్థమయ్యేలా రాయండి.

ఇంటెల్ మినీ పీసీకి మారే ఆలోచన ఉంటే అక్కడ ఎస్ఎంబయాస్ పట్టికలు (పీసీ తయారీ, మోడల్ వివరాలు ఫర్మ్‌వేర్ అందించే చోటు) చూడాలి. వాటినే నమ్ముకోవద్దు. చవక బోర్డుల్లో ప్రొడక్ట్ పేరు ఉండాల్సిన చోట తయారీదారు నింపకుండా వదిలేసిన మాటలే కనిపిస్తాయి.

డాక్యుమెంట్‌ని బూట్‌లోడర్ కోడ్ పక్కనే, అదే రిపాజిటరీలో ఉంచండి. ప్రతి రివిజన్ దగ్గరా అది ఎందుకు మారిందో రాయండి. ఫ్యాక్టరీకి ఫైళ్ళు పంపకముందే ఆ వివరం చేరాలి. మీ స్ట్రాప్ పిన్నులు ఏవో ఇక్కడ పెడితే వరస చూసి చెబుతాను.