సంచి మేతలో కలిపిన విటమిన్ చేపకు అందుతుందా?

ప్రశ్న: ఐదెకరాల చెరువులో శీలావతి, బొచ్చె చేపలు పెంచుతున్నాం. అర కిలో దాటాయి. ఏటా చలికాలంలో ఒంటిమీద ఎర్రమచ్చలు వస్తున్నాయి. డీఓబీ (నూనె తీసిన) తవుడులో విటమిన్ సి, ఈస్ట్ గ్లూకాన్ (వ్యాధి నిరోధక శక్తి పెంచడానికి ఈస్ట్ నుంచి తీసే పొడి) కలిపి, తూట్ల సంచుల్లో నింపి చెరువులో గడలకు కడుతున్నా గుణం కనిపించడం లేదు. ఎందుకని?
- ఒక రైతు, కైకలూరు

జవాబు: మందు మంచిదే, కానీ చేప నోటిదాకా పోవడం లేదు. విటమిన్ సి నీళ్లలో ఇట్టే కరుగుతుంది. తూట్ల సంచిలోంచి చేపలు తవుడు లాక్కుని తినేసరికి గంటకు పైనే పడుతుంది, ఆలోగా అది చెరువు పాలే. ఈ చేపలు విటమిన్ సి సొంతంగా తయారు చేసుకోలేవు. మేతలో అందకపోతే పుండ్లు త్వరగా మానవు.

రోజూ కొంత గుళికల మేత ఇవ్వండి. పొద్దున ఆకలి మీద ఉన్నప్పుడు ముందు అది చల్లి, తర్వాత సంచులు కట్టండి. 25 కిలోల గుళికలకు కిలోకు 500 మిల్లీగ్రాముల చొప్పున 12.5 గ్రాముల అసలు విటమిన్ కావాలి. ప్యాకెట్ మీద అసలు విటమిన్ 35 శాతం అని ఉంటే ఆ పొడి 36 గ్రాములు తూచాలి. చాలామంది తప్పేది ఈ లెక్క దగ్గరే. మామూలు పొడి కాకుండా, నిలవ ఉండే మోనోఫాస్ఫేట్ రకం అడగండి. పొడిని అర లీటరు చేపనూనెలో గానీ తవుడు నూనెలో గానీ కలిపి, టార్పాలిన్ మీద పరిచిన గుళికలకు చేత్తో పట్టించి, అరగంట నీడన ఆరనివ్వండి. నీళ్లతో కలిపితే గుళిక మెత్తబడి చిదిగిపోతుంది. కలిపింది ఆ రోజే వాడేయాలి.

గ్లూకాన్ 25 కిలోలకు 25 నుంచి 50 గ్రాములు చాలు. చలి ముదరకముందే, నవంబరులో రెండు మూడు వారాలు ఇచ్చి ఆపేయండి. ఏడాది పొడవునా పెడితే చేప శరీరం దానికి స్పందించడం తగ్గుతుంది, డబ్బూ దండగ. మచ్చలు వచ్చాక మొదలుపెట్టినా లాభం తక్కువ. జబ్బు చేప మేత ముట్టదు.

అసలు ఆ మచ్చలు ఎందుకొస్తున్నాయో చూశారా? నాలుగు చేపలు పట్టి రెక్కల మొదళ్లు వెలుతురులో పరీక్షించండి. కందిబద్దంత, బల్లపరుపుగా, గాజులా ఉన్న పురుగు పాకుతుంటే అది చేప పేను. అది పొడిచిన చోటే ఎర్రబడి, బ్యాక్టీరియా చేరి పుండవుతుంది. పేను ఉన్న చెరువులో విటమిన్‌తో మచ్చలు పోవు. ముందు మత్స్యశాఖ అధికారికి చూపించి పేనుకు మందు వేయించండి.

ప్రశ్న: మేతలో వెల్లుల్లి కలిపితే పేను పోతుందా?

జవాబు: పోదు. కిలో మేతకు 5 నుంచి 10 గ్రాముల వెల్లుల్లి ముద్ద వ్యాధి నిరోధానికి కొంత పనికొస్తుంది గానీ, ఒంటికి పట్టిన పేనును చంపదు. పేను గుడ్లు పెట్టేది గట్టి వస్తువుల మీద. మీరు మేత సంచులు కట్టే వెదురు గడలే దానికి అనువు. వారానికోసారి గడలు పైకి తీసి, గుడ్ల వరసలు గీకేసి, రోజంతా ఎండలో పెట్టండి. మారు గడలు ఒక జత ఉంచుకుంటే మేతకు ఆటంకం ఉండదు.